పదునుకు ఏ పెట్టె?

మా ఆఫీసుకు బోర్డు ఉండేది గాని, దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. హన్మకొండ సుబేదారిలో కచేరీల మధ్య ఒక పాత బంగళా పైఅంతస్తు మాది. వృత్తి పదాల సేకరణ కేంద్రం అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా, జనం రొప్పుతూ మెట్లెక్కి వచ్చి రేషన్ కార్డు సంగతి అడిగేవాళ్లు. "ఇక్కడ మాటలు ఏరుతం పెద్దయ్యా" అని చెబితే, "మాటలు ఏరుడేంది బిడ్డా, వడ్లల్ల రాళ్లేరినట్టు?" అని నవ్వుకుంటూ దిగిపోయేవాళ్లు. నిజానికి మా పనిని అంత బాగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు.

మా కేంద్రం ఇప్పుడు లేదు. నేనూ రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కానీ తెలుగు చదివిన పిల్లలు మళ్లీ ఈ పనిలోకి వస్తున్నారు. ఫోన్లకూ కంప్యూటర్లకూ మాటలు నేర్పాలట, అందుకు ఊళ్లు తిరుగుతున్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాయను. అవి నాకే గుర్తులేవు. గుర్తున్నవి కొన్ని మాటలు, వాటిని పలికిన మనుషులు. ముఖ్యంగా నాతోపాటు ఊళ్లు తిరిగిన సమ్మయ్య. ఇది రాస్తుంటే, "అక్కా, గట్ల గాదు, గిట్ల రాయి" అని పక్కన ఎవరూ అనకపోవడం నాకు చాలా వెలితిగా ఉంది.

అర్థం అడగొద్దు

నాది హన్మకొండ బజారులో కిరాణం దుకాణం వాళ్లిల్లు. తూకం తెలుసు, బేరం తెలుసు, ఎం.ఏ. తెలుగు తెలుసు. పొలం తెలియదు, కొలిమి తెలియదు. సమ్మయ్యది రఘునాథపల్లి దగ్గర ఊరు. నాకంటే ఏడాది చిన్న. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. చేరిన వారంలోనే మా పెద్దసారు ఇద్దరినీ ఖిలా వరంగల్ దగ్గరి ఒక కమ్మరి కొలిమికి పంపాడు.

నేను కాగితం తీసి, చదువుకున్న దర్జాతో అడిగాను. "పదును అంటే ఏమిటండీ?"

కమ్మరి నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "పదునంటె పదునే. గదేం అడుగుడమ్మా? నీళ్లంటె నీళ్లే అన్నట్టు."

సమ్మయ్య ఏమీ అడగకుండా తిత్తి దగ్గర చతికిలబడ్డాడు. కాసేపటికి ఒక రైతు నాగలి కర్రు పట్టుకొని వచ్చాడు. అంతే, కమ్మరి గొంతు లేచింది. "పదునంత దిగిపోయి మొద్దుబారినంక తెస్తివి. జర ముందుగాల తెస్తె నీ సొమ్మేం పోయె? గిప్పుడు కాల్చి నీళ్లల్ల ముంచాలె. ఎక్కువ ముంచితె పెళుసైతది, తక్కువ ముంచితె మెత్తగుంటది. నడిమిట్ల పట్టుకోవాలె, గదే పదును. నీకేం, చెట్టు కింద బీడీ తాగుకుంట కూసుంటవ్!"

సమ్మయ్య నా మోచేతిని తట్టాడు. "రాసుకో అక్కా, మాట అచ్చింది."

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. అర్థం అడిగితే మనిషి పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. పని దగ్గర కూర్చుంటే, తిట్టుకుంటూనో పాడుకుంటూనో వాడే చెబుతాడు. మా పెద్దసారు దీన్నే చట్టం చేశాడు. "చేతిలో పని ఉండాలి, నోట్లో మాట ఉండాలి. రెండూ ఒక్కసారి దొరికితేనే చీటీ రాయండి" అనేవాడు. ఇంట్లో కుర్చీలో కూర్చొని జ్ఞాపకం తెచ్చుకొని చెప్పిన మాటకు మా ఆఫీసులో విలువ లేదు.

పెద్దసారు గురించి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. పని చేసేవాడు నేల మీద ఉంటే తను కుర్చీ ఎక్కని మనిషి. ఎవరింట్లో ఏది పెడితే అది తిన్నాడు, ఏ కులం ఇల్లని అడగలేదు. అంతవరకు బంగారం. కానీ ఆయనకు ఒక పిచ్చి ఉండేది. అది పెట్టెల పిచ్చి.

రేకు పెట్టెలు

ఆఫీసులో గోడ పొడుగునా రేకు పెట్టెలు ఉండేవి. ఒక్కో వృత్తికి ఒక్కో పెట్టె. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, సాలె, వ్యవసాయం, చేపలు పట్టుడు, వంట. చీటీ రాయగానే అది ఏ పెట్టెలోదో తేలాలి. ఒక్కో పెట్టె నిండితే ఒక్కో పుస్తకం అవుతుందని పెద్దసారు లెక్క.

మాటలకు ఆ లెక్క తెలియదు కదా. వల అల్లేవాడు వలలోని సందును కన్ను అన్నాడు, చెరకు నాటేవాడు గణుపు మీది మొలకనూ కన్ను అన్నాడు. మిర్చి యార్డులో తాలు అంటే రంగు పోయిన కాయ, కళ్లంలో తాలు అంటే గింజ లేని పొల్లు, మా నాయన దుకాణంలో తాలు అంటే ఊరికే కూర్చొని కబుర్లు చెప్పిపోయే గిరాకీ. ఇక పదును సంగతి చెప్పనే అక్కరలేదు. కుమ్మరి మన్ను తొక్కి పదునుకు తెచ్చానన్నాడు. మా అమ్మ సకినాల పిండి తడిపి, వేళ్లతో నలిపి, "ఇంక పదునుకు రాలే" అనేది. మంగలి కత్తికీ పదునే, వాన పడ్డ చెలక నేలకూ పదునే. ఏ పెట్టె తెరిచినా ఆ చీటీ ఉండేది.

తిరుగు బస్సుల్లో మా ఇద్దరికీ దీని మీదే కొట్లాట. నేను దుకాణం పిల్లను కదా, సరుకు వేరువేరు డబ్బాల్లో ఉండాలనేదాన్ని. సమ్మయ్య ఒప్పుకునేవాడు కాదు.

"అక్కా, పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకుంటం. తెచ్చి మన పొయ్యిల ఏసినంక అది మన నిప్పా, ఆళ్ల నిప్పా?"

"రెండు పొయ్యిలూ వేరే కదా."

"పొయ్యిలు ఏరేనే. నిప్పు ఒకటే."

బస్సంతా మమ్మల్ని చూసేది. ఒకసారి కండక్టరు, "మీరు మొగుడు పెండ్లాలా, లేకుంటె వకీళ్లా?" అని అడిగాడు. ఇద్దరం ఒక్కసారే కాదన్నాం. మేము వెంటనే ఏకమైన సందర్భం అదొక్కటే అనుకుంటాను. ఇప్పుడు ఆ దారిన పోయినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చొని, నాతో కొట్లాడేవాళ్లు లేక ఊరికే చెట్లు చూస్తాను.

తోలు పెట్టె

చివరి పెట్టె తోలు పనిది. మూత తీస్తే అడుగు కనబడేది. సమ్మయ్య మాదిగోళ్ల ఇంటి బిడ్డ. వాళ్ల నాయన కొమురయ్య ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చెప్పులు, మోట బొక్కెనలు, పలుపులు చేసి ఇచ్చిన మనిషి. మేము ఉద్యోగంలో చేరేనాటికే కంపెనీ చెప్పులు వచ్చాయి, మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. తోలు నానబెట్టే లందను పూడ్చి, దాని మీద అర్ర, అంటే ఒక గది, కట్టుకున్నారు. కొమురయ్య కూలికి పోతున్నాడు. ఆ చుట్టుపట్ల తోలు పని చేసే చేతులే మాకు దొరకలేదు. చేతిలో పని లేకుంటే చీటీ లేదు. చీటీ లేకుంటే పెట్టె ఖాళీ.

సమ్మయ్యకు ఇది కడుపులో పెట్టుకున్న బాధ. పైకి నవ్వుతూ, "అందరి మాటలు రాసుకొస్తాన, మా ఇంటి మాటకే జాగ లేదు" అనేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఒక ఎండకాలం వాళ్లింటికి పోయాం. వేప చెట్టు కింద మంచమేసి, సమ్మయ్య చెల్లె సారక్క మాకు మజ్జిగ ఇచ్చింది. సమ్మయ్య కొంచెం తటపటాయించి అడిగాడు.

"నాయినా, ఒక్క తోలు. ఒక్కటే. నేను ఏడికెళ్లన్న తెస్తా. తోలు నానేసెటందుకు తంగేడు చెక్క సారక్క కొట్టుకొస్తది. నువ్వు చేస్తాంటె మేం రాసుకుంటం."

కొమురయ్య కొడుకు మొహం చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ వాసన నీకు అంటొద్దనే గదరా నిన్ను హాస్టల్ల ఏసింది. నా తానికి ఎవలన్న అస్తె ముక్కు మూసుకునేటోళ్లు. నా బిడ్డ తానికి అట్ల రావద్దనుకున్న. గిప్పుడు నువ్వే మళ్ల తెమ్మంటానవ్?"

"గది కాదు నాయినా, బుక్కుల..."

"బుక్కుల నువ్వున్నవ్ చాలు."

సమ్మయ్య తల దించుకున్నాడు.

మిరుగం వాన

ఆ ఏడు మిరుగం వాన, అంటే మృగశిర కార్తె వాన, బాగా పడింది. వ్యవసాయం చీటీల కోసం మళ్లీ అదే ఊరికి పోయాం. ఒక రైతు చెలకలో కొమురయ్య విత్తనం వేసే గొర్రు కట్టడానికి వచ్చి ఉన్నాడు. ఎడ్లను ఆపి, ముందు వంగి ఒక పిడికెడు మన్ను తీశాడు. సారక్క విత్తనాల గంప పట్టుకొని పక్కన నిలబడింది. మేం వచ్చింది ఆయన చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బిడ్డకు చెబుతున్నట్టే చెప్పాడు.

"పిడికిట్ల పడితె ముద్ద గావాలె, ఇడిస్తె విచ్చుకోవాలె. గదే పదును. తోలు గూడ గంతే బిడ్డా. మడిస్తె మడువాలె, ఇడిస్తె మళ్ల తన తీరుకు తాను రావాలె. మాట ఇనాలె గని సచ్చిపోవద్దు."

నేను గబగబా రాసుకున్నాను. రాస్తూ సమ్మయ్య మొహం చూశాను. కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి, నోరేమో నవ్వుతోంది. టేపు రికార్డరు ఆఫీసుకు ఒక్కటే ఉండేది, అది ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. ఆ గొంతు అక్కడే ఆ చెలకలోనే ఉండిపోయింది. నా దగ్గరికి వచ్చింది అక్షరాలే.

మరునాడు ఆఫీసులో సమ్మయ్య ఆ చీటీని తోలు పెట్టెలో వేశాడు. పెద్దసారు తీసి వ్యవసాయం పెట్టెలో వేశాడు. సమ్మయ్య మళ్లీ తీశాడు.

"సమ్మయ్యా, చేతిలో ఏముంది?" అని అడిగాడు పెద్దసారు.

"మన్ను సార్."

"చట్టం ప్రకారం ఏ పెట్టె?"

"సార్, మన్ను ఆయన కూలి. తోలు ఆయన పని."

"నువ్వు కొడుకువి, అందుకే నీకట్లా వినబడింది."

"కొడుకును గనుకనే ఇనబడ్డది సార్."

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెప్పాను. "ఒక్కరి కోసం చట్టం మారిస్తే రేపు అందరి కోసం మార్చాలి. వ్యవసాయంలోనే ఉంచుదాం. కానీ వాక్యం మొత్తం ఉంచుదాం. తోలు మాట కూడా ఉంటుంది, నా హామీ" అన్నాడు.

అన్ని పనుల్లోనూ మెలిగిన మాటను ఒక్క పనికి కట్టేయడం, పొలం గట్టు మీది చెట్టుకు ఒక్క రైతు పేరు రాయడమేనని నాకు ఆరోజు అర్థమైంది. అంతవరకు డబ్బాల పక్షం వహించినదాన్ని, ఆ పొద్దు సమ్మయ్య పక్షానికి వచ్చాను. ఆ సంగతి బస్సులో చెబితే, "ఇగ కొట్లాడుడు ఎవలతోనే అక్కా?" అన్నాడు.

సగం

వ్యవసాయ పదాల పుస్తకం అచ్చయ్యేసరికి పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన అధికారి చురుకైనవాడు, కాగితం పొదుపు తెలిసినవాడు. ఈ వృత్తికి సంబంధం లేని భాగాలు తీసేయమని ప్రెస్సుకు చెప్పాడు. పుస్తకం వచ్చాక నేనూ సమ్మయ్యా ఆత్రంగా పదును దగ్గరికి పేజీలు తిప్పాం. "ఇడిస్తె విచ్చుకోవాలె. గదే పదును" దగ్గర వాక్యం ఆగిపోయింది. తోలు ఊసే లేదు.

అధికారిని అడిగితే, "తోలు పుస్తకం వేసినప్పుడు అందులో పెడదాం లెండి" అన్నాడు. తోలు పుస్తకం ఎన్నడూ రాలేదు. అంత సన్నటి పుస్తకానికి ఖర్చు దండుగ అన్నారు.

సమ్మయ్య ఆ పుస్తకం పట్టుకొని ఊరికి పోయాడు. నాయనకు చదువు రాదు, కొడుకే చదివి వినిపించాడు. కొమురయ్య విని అన్నాడట.

"సగమే సదివినవ్ కదరా."

"గంతే అచ్చైంది నాయినా."

"పోనీ తియ్."

ఈ మాట సమ్మయ్య నాకు చెప్పింది ఒక్కసారే. తర్వాత నాయన పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు పదును మాట వచ్చినా, "మా నాయిన మాట వ్యవసాయంల కిరాయికున్నది. అదీ సగం అర్రల" అని నవ్వేవాడు. కొట్లాడటం మాత్రం తగ్గించాడు. నాకు అదే భరించరానిదిగా ఉండేది. రిటైరైన కొన్నాళ్లకే సమ్మయ్యకు గుండె నొప్పి వచ్చి దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

మనిషి పోయాక మనకు గుర్తొచ్చేవి పెద్ద సంగతులు కావు. సమ్మయ్య చాయను సాసరులో పోసుకొని, ఊదుతూ, ఎదుటివాడి వాక్యం పూర్తికాకముందే "గట్ల గాదు" అనేవాడు. ఆ గట్ల గాదు కోసం నేను ఇప్పటికీ పొద్దున చాయ తాగుతూ ఒక నిమిషం ఆగుతాను.

ఫోనులో గొంతు

ఈ ఎండకాలం చివర శ్రావణి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఫోనుకు మాటలు నేర్పే పనిలో కొత్తగా చేరిందట. మా పాత పుస్తకం ఎక్కడో సంపాదించి, పదును దగ్గర కాగితం పెట్టుకొచ్చింది.

"మేడం, ఈ సెంటెన్స్ చాలా బాగుంది. దీన్ని వాయిస్‌తో పెట్టాలి. మీరు చదువుతారా?"

"అది సగమే" అన్నాను.

మిగతా సగం నాకు నోటికొచ్చు. ఫోను పట్టుకుంది, చెప్పాను. పిల్ల దాన్ని మళ్లీ వినిపించింది. అక్షరం పొల్లుపోలేదు. కానీ అందులో ఉన్నది కిరాణం దుకాణం పిల్ల గొంతు. తోలు ముట్టని చేతులు, మన్ను పిసకని చేతులు నావి. చేతిలో పని ఉండాలన్న పెద్దసారు చట్టం గుర్తొచ్చి, "తీసెయ్" అన్నాను. సమ్మయ్య ఉంటే బాగుండేది. కోపమొస్తే అచ్చం వాళ్ల నాయన గొంతే వచ్చేది అతనికి. ఆ మాటే శ్రావణితో అన్నాను.

అప్పుడు సారక్క గుర్తొచ్చింది.

వాన పడేదాకా ఆగాం. పడ్డ మరునాడు ఇద్దరం బస్సెక్కాం. సారక్క పత్తి చేన్లో కూలికి పోయిందంటే, చేనుకే వెళ్లాం. తల నెరిసింది, నడుము కొంచెం వంగింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"అక్కా! గీ బురదల పడి గింత దూరమొచ్చినవ్? అన్న ఉంటె ఎంత మురుసునో."

నేను ఏమీ అడగలేదు. శ్రావణి అడగబోతే చెయ్యి పట్టి ఆపాను. చేను గట్టు మీద కూర్చున్నాం. శ్రావణి చప్పుడు చేయకుండా ఫోను పక్కన పెట్టింది. సారక్క మళ్లీ సాలులోకి దిగింది. గింజ పెట్టబోయే ముందు వంగి, పిడికెడు మన్ను తీసి పిసికింది, వేళ్లు విప్పి చూసింది. పక్కసాలులో ఉన్న కొత్త కోడలు ఆగకుండా గింజలు పెట్టుకుంటూ పోతోంది.

"ఓ పిల్లా, ఆగు జర. ఆ మూలకు ఇంక పదునుకు రాలే, బురద బురదగున్నది. పిడికిట్ల పట్టి సూడు. మా నాయిన తోలు మడిసి సూసేటోడు, గిట్లనే. మడిస్తె మడువాలె, ఇడిస్తె తన తీరుకు తాను రావాలె. మొండిగుండొద్దు, సచ్చినట్టుండొద్దు. తంగేడు చెక్క నేనే కొట్టుకచ్చేదాన్ని, నాకెర్క లేదా?"

కొమురయ్య వాక్యం కాదు అది, సారక్కది. కానీ ఆ సగం మొత్తంగా అందులో ఉంది. చేతిలో పని ఉంది, నోట్లో మాట ఉంది.

పని ఆపి సద్ది విప్పినప్పుడు శ్రావణి ఫోను చూపించి, ఏం చేసిందో చెప్పి, ఉంచుకోవచ్చా అని అడిగింది. సారక్క సిగ్గుపడి ఉంచుకోమంది. శ్రావణి తెర మీద వేలితో కిందికీ మీదికీ జరుపుతూ నా వైపు తిరిగింది.

"మేడం, ఏ వృత్తి అని అడుగుతోంది. ఒక్కటే పెట్టనిస్తది. అగ్రికల్చర్ పెట్టనా? తోలు పని లిస్టులో లేదు. కింద ఇతరములు అని ఉంది, అక్కడ మనమే రాయొచ్చు."

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. జవాబు కోసం నేను అలవాటుగా ఎడమ పక్కకు చూశాను. బస్సులో అతను ఎప్పుడూ కూర్చునే పక్క అది.

"ఏందట అక్కా?" అని సారక్క అడిగింది.

"నువ్వు చెప్పిన మాట ఏ పనిదని రాయాల్నో అడుగుతాంది."

సారక్క సద్దిలో ముద్ద కలుపుతూనే ఉంది. ఇందులో ఆలోచించడానికేముంది అన్నట్టు చూసింది.

"మా నాయిన పని అని రాయి."